నిద్ర, దాంపత్యం, ఆరోగ్యం: పొద్దున లేచే టైమ్ నుంచి సరిచేసుకుంటూ రండి

ఒంట్లో ఓపిక ఉండదు. రాత్రి పడుకుంటే నిద్ర పట్టదు, పట్టినా తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. భార్యో భర్తో దగ్గరికి వస్తే చిరాకు, లేకపోతే అసలు ఆ ధ్యాసే ఉండదు. చాలామంది వీటిని వేటికవే విడి సమస్యలనుకుని నిద్రకో మాత్ర, నీరసానికో టానిక్, కోరిక తగ్గిందని ఇంకేదో పొడి, ఇలా వెతుక్కుంటూ పోతారు. నేను చెప్పేది ఒకటే: ముందు నిద్రని దారిలో పెట్టండి, అది కూడా పొద్దున లేచే టైమ్ దగ్గర మొదలుపెట్టండి. మిగతావాటిలో చాలా భాగం దాని వెనకే సర్దుకుంటుంది. సర్దుకోనిది ఏదైనా మిగిలితే, అది డాక్టరు చూడాల్సిన విషయమని అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

2011లో చికాగో యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 10 మంది యువకుల్ని వారం పాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిచ్చి చూస్తే, పగటిపూట వాళ్లలో టెస్టోస్టెరాన్, అంటే మగవాళ్ల కోరికతో ముడిపడిన హార్మోన్, 10 నుంచి 15 శాతం పడిపోయింది. మామూలుగా వయసుతో పాటు ఏడాదికి ఒకటి రెండు శాతం చొప్పున తగ్గే హార్మోన్ అది, అంటే ఏళ్ల తరబడి జరగాల్సింది వారంలో జరిగిపోయింది. ఆడవాళ్ల సంగతి చూస్తే, 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 171 మంది కాలేజీ అమ్మాయిలు రెండు వారాల పాటు రోజూ తమ నిద్ర గురించి, కోరిక గురించి రాసుకుంటూ వచ్చారు. గంట ఎక్కువ నిద్రపోయిన మర్నాడు భాగస్వామితో కలిసే అవకాశం 14 శాతం పెరిగింది. రెండూ చిన్న అధ్యయనాలే, వీటితోనే అంతా తేలిపోయిందని అనను. కానీ అదే ఏడాది వచ్చిన ఇంకో ప్రయోగంలో 164 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, 6 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకి జలుబు పట్టే అవకాశం 7 గంటలు దాటి నిద్రపోయేవాళ్ల కన్నా నాలుగు రెట్ల పైన ఉంది. ఎటు నుంచి చూసినా లెక్క ఒకే వైపు మొగ్గుతోంది. పెద్దవాళ్లకి రాత్రికి కనీసం 7 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్పేది అందుకే.

లేచే టైమ్ ఒక్కటి గట్టిగా పట్టుకోండి

నిద్ర రావాలని ఎంత పట్టుబట్టినా రాదు, అది మన చేతుల్లో లేదు. లేవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. అందుకే మొదలు అక్కడి నుంచే.

దీని వెనక సంగతి కాస్త తెలిస్తే పాటించడం తేలికవుతుంది. నిద్రని రెండు శక్తులు నడుపుతాయి, ఈ లెక్కని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే స్విస్ శాస్త్రవేత్త ముందుకు తెచ్చారు. మొదటిది, మెలకువగా ఉన్న ప్రతి గంటా పేరుకుపోయే నిద్ర ఒత్తిడి. మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పగలంతా పోగవుతూ రాత్రికి కళ్లు మూతలు పడేలా చేస్తుంది. రెండోది ఒంట్లో ఉన్న గడియారం. ఇది ఎలా నడుస్తుందో జన్యువుల స్థాయిలో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చింది. చిక్కేమిటంటే, ఈ గడియారం చాలామందిలో 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ నడుస్తుంది. రోజూ పొద్దున కంట్లో వెలుతురు పడితేనే అది సరైన టైముకి తిరిగి వస్తుంది, పడకపోతే రోజురోజుకీ వెనక్కి జరుగుతూ, అర్ధరాత్రి దాటితే గానీ నిద్ర రాని పరిస్థితికి తీసుకెళ్తుంది.

కాబట్టి చేయాల్సింది ఇది. వారంలో అన్ని రోజులూ కుదిరే ఒక లేచే టైమ్ పెట్టుకోండి. సెలవు రోజైనా దానికి గంట కన్నా ఎక్కువ తేడా రానివ్వొద్దు, ఎందుకంటే సెలవు రోజు మూడు గంటలు ఆలస్యంగా లేస్తే ఒంటికి అది మూడు గంటల తేడా ఉన్న దేశానికి విమానంలో వెళ్లొచ్చినట్టే, ఆ వారం మొదట్లో తలనొప్పి, విసుగు అక్కడి నుంచే వస్తాయి. లేచిన గంటలోపు పావుగంటో అరగంటో ఆరుబయట గడపండి. కిటికీ పక్కన కూర్చుంటే అంత ఫలితం రాదు. మబ్బు పట్టిన రోజున కూడా బయట వెలుతురు వేల లక్సుల్లో (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటుంది, ఇంట్లో లైట్ల కింద అది వందల్లోనే. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడొద్దు, అవసరం కూడా లేదు.

రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదని మర్నాడు ఆలస్యంగా లేస్తే ఆ రాత్రి కూడా పాడవుతుంది. ఒక్కరోజు కళ్లు మండినా సరే అదే టైముకి లేవండి, నిద్ర ఒత్తిడి ఎక్కువై రాత్రికి త్వరగా పడుతుంది. పగలు మరీ తట్టుకోలేకపోతే మధ్యాహ్నం 3 లోపు 20 నిమిషాలు కునుకు తీయండి, అలారం పెట్టుకుని. గంట దాటితే మత్తుగా లేస్తారు, రాత్రి నిద్రలోంచి కూడా కోత పడుతుంది. నైట్ డ్యూటీలు మారుతూ ఉండేవాళ్లకి, చంటిపిల్లల తల్లిదండ్రులకి ఈ నియమం ఉన్నదున్నట్టు పనికిరాదు, దొరికినప్పుడు పడుకోవడమే వాళ్లకి సరైనది.

మధ్యాహ్నం తాగిన కాఫీ రాత్రి దాకా ఉంటుంది

కెఫిన్ చేసే పని ఏమిటంటే, ఇందాక చెప్పిన అడెనోసిన్ మెదడులో తన చోట్లో కూర్చోకుండా అడ్డం పడుతుంది. అలసట అలాగే ఉంటుంది, అది మనకి తెలియకుండా పోతుంది అంతే. తాగిన కెఫిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. గర్భిణులకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. 2013లో చేసిన ఒక ప్రయోగంలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫిన్ ఇస్తే కూడా నిద్ర గంటకి పైగా తగ్గింది. అది పెద్ద మోతాదే, నాలుగు కప్పుల కాఫీకి దగ్గర. అయినా నా లెక్క ప్రకారం పడుకోవడానికి 8 గంటల ముందే ఆఖరి కప్పు అయిపోవాలి, టీ, కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు అన్నీ కలిపి. "నేను కాఫీ తాగి కూడా హాయిగా నిద్రపోతాను" అనేవాళ్లు ఉంటారు, నిజమే, నిద్ర పడుతుంది. కానీ గాఢనిద్ర వాటా తగ్గుతుంది, పొద్దున లేచాక మళ్లీ కాఫీ లేకపోతే కదలలేకపోవడం దాని గుర్తు కావచ్చు.

మందు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తాగితే త్వరగా మగత కమ్ముతుంది, కాబట్టి నిద్రకి మంచిదనుకుంటారు. అర్ధరాత్రి దాటాక ఆ ప్రభావం దిగేకొద్దీ మాటిమాటికీ మెలకువ వస్తుంది, కలలొచ్చే నిద్ర తగ్గుతుంది, గురక పెరుగుతుంది. కోరిక పెంచుతుందన్న మాట కూడా సగమే నిజం, బిడియం తగ్గుతుందేమో గానీ మోతాదు పెరిగితే మగవాళ్లకి అంగస్తంభన, ఆడవాళ్లకి తేమ, ఇద్దరికీ భావప్రాప్తి, అన్నీ దెబ్బతింటాయి. సిగరెట్ ఇంకో అడుగు ముందుంటుంది: నికోటిన్ నిద్రని చెడగొడుతుంది, పొగ రక్తనాళాల్ని పాడుచేస్తుంది, అంగస్తంభన లోపానికి పెద్ద కారణాల్లో అదొకటి.

వ్యాయామం గురించి తెలియనిది ఏమీ లేదు కాబట్టి రెండు మాటల్లో ముగిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతో పాటు రెండు రోజులు కండరాలకి పని. వేగంగా నడిచినా లెక్కలోకి వస్తుంది. పడుకునే ముందు గంటలో మాత్రం చెమటలు కక్కేలా చేయొద్దు.

రాత్రి ఆ ఆఖరి గంట

చాలా ఇళ్లలో రాత్రి ఇలా గడుస్తుంది. భోజనాలయ్యాక ఒకరు మంచం మీద ఫోన్‌తో వాలిపోతారు, ఇంకొకరు గిన్నెలు సర్ది, పిల్లల్ని పడుకోబెట్టి, మర్నాటికి కావాల్సినవి చూసుకుని వచ్చేసరికి పదకొండు. అప్పుడు మొదటివాళ్లు ఫోన్ పక్కన పెట్టి చేయి వేస్తారు. రెండోవాళ్లకి ఆ క్షణంలో ఆ చేయి ఇంకో పనిలా అనిపిస్తుంది. కాదంటే ఒకరికి అవమానం, సరేనంటే ఇంకొకరికి కష్టం. ఇద్దరూ అటూ ఇటూ తిరిగి ఇంకో అరగంట ఫోన్లు చూసుకుని పడుకుంటారు. దీన్ని ప్రేమ తగ్గిపోవడమని అనుకుంటారు. నా దృష్టిలో ఇందులో చాలావరకు ఉన్నది అలసట, పని పంపకంలో అన్యాయం.

లైంగిక కోరికని యాక్సిలరేటర్, బ్రేకుల లెక్కలో చూడొచ్చని జాన్ బాంక్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ అనే పరిశోధకులు చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. అందరూ యాక్సిలరేటర్ మీదే దృష్టి పెడతారు, కొత్త బట్టలు, సెంట్లు, మాత్రలు. బ్రేకు మీద కాలు అలాగే ఉంటే అవేం చేస్తాయి? నిద్రలేమి బ్రేకు. రేపటి టెన్షన్ బ్రేకు. సాయంత్రం జరిగిన గొడవ, తలుపు గడియ పడదేమోనన్న భయం, నొప్పి పుడుతుందేమోనన్న ఆలోచన, అన్నీ బ్రేకులే. కాబట్టి రాత్రి పనులు ఇద్దరూ కలిసి ముగించండి, అరగంట ముందే అయిపోతాయి. కోరిక పెరగడానికి ఏం చేయాలని అడిగేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, వినడానికి ఎంత మామూలుగా ఉన్నా సరే.

ఆ మిగిలిన గంటలో పెద్ద లైట్లు ఆపేసి చిన్నవి వేసుకోండి. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసే అలవాటుంటే పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు చేయండి. చర్మానికి రక్తం ఎక్కువగా వచ్చి లోపలి వేడి బయటికి పోతుంది, ఒళ్లు లోపల చల్లబడటం నిద్రకి సంకేతం. భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుంటే ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఉండవు. మర్నాటి పనులు బుర్రలో తిరుగుతుంటే 5 నిమిషాలు కూర్చుని కాగితం మీద రాయండి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో అలా చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనుల గురించి రాసినవాళ్ల కన్నా సుమారు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు.

ఇక ఫోన్. నీలి వెలుతురు ఫిల్టర్ పెట్టుకుంటే సరిపోతుందని అనుకోవద్దు. ఆ వెలుతురు కన్నా అందులో కనిపించేవే ఎక్కువ మేల్కొలుపుతాయి, పైగా ఎక్కడ ఆపాలో తెలియదు. ఛార్జర్‌ని పడకగదిలోంచి తీసి బయట పెట్టండి, పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి. ఇదొక్కటి చేసినా తేడా కనిపిస్తుంది, ఎందుకంటే పక్కనున్న మనిషితో మాట్లాడటం తప్ప ఇంకో పని మిగలదు.

దగ్గరితనానికి వేరే టైమ్ వెతకండి

రోజులో అన్నిటికన్నా ఆఖరున, ఒంట్లో ఓపిక అంతా అయిపోయాక మిగిలిన పది నిమిషాల్లో సెక్స్ జరగాలని ఎవరు రాసిపెట్టారు? తెల్లవారుజామున, సెలవు రోజు మధ్యాహ్నం, సాయంత్రం భోజనానికి ముందు, ఎప్పుడైనా కావచ్చు. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ పొద్దునే ఎక్కువగా ఉంటుంది కూడా. ముందే అనుకుని పెట్టుకుంటే సహజత్వం పోతుందని చాలామంది అంటారు. కొత్తలో కలుసుకోవడానికి ఎంత ముందు నుంచి ప్లాన్ వేసుకునేవారో గుర్తు తెచ్చుకుంటే ఆ మాట నిలవదు.

ఇంకో సంగతి. కోరిక ముందు పుట్టి తర్వాత దగ్గరవడం అందరిలోనూ జరగదు. చాలామందికి, ముఖ్యంగా ఏళ్ల తరబడి కలిసి ఉన్నవాళ్లకి, ముందు హాయిగా దగ్గరితనం మొదలైతే ఆ తర్వాత కోరిక పుడుతుంది. రోజ్‌మేరీ బాసన్ అనే కెనడా డాక్టరు 2000 సంవత్సరంలో దీన్ని వివరంగా రాశారు. "నాకు మూడ్ రావట్లేదు, నాలో ఏదో లోపం ఉంది" అని కుమిలిపోయేవాళ్లకి ఇది తెలియాలి. అయితే దీని అర్థం ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలని ఎంతమాత్రం కాదు. వద్దనుకుంటే ఏ క్షణంలోనైనా ఆపేయగలిగినప్పుడే ఈ మాట వర్తిస్తుంది.

చాలా రోజులుగా ఎడం పెరిగిన జంటలు ఇలా మొదలుపెట్టొచ్చు: కొన్నాళ్లు సెక్స్ ఉండదని ముందే మాట్లాడుకుని, వారంలో రెండుసార్లు అరగంట చొప్పున ఒకరినొకరు తాకడం మాత్రమే. వీపు, చేతులు, జుట్టు, పాదాలు, ఒకరి తర్వాత ఒకరు. ఏది బాగుందో, ఏది లేదో చెప్పడం. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకుల జంట 1970ల నాటికే చికిత్సలో వాడిన పద్ధతి ఇది, ఇప్పటికీ కౌన్సెలర్లు చేయిస్తారు. ఏదో సాధించి తీరాలన్న భారం పోతే ఒళ్లు దానంతటదే సడలుతుంది.

మాట్లాడటానికి మాటలు దొరకవు చాలామందికి. "ఈ రోజు ఓపిక లేదు, కానీ కాసేపు దగ్గరగా పడుకుందాం" అని ఒక్క మాట అంటే అవతలి మనిషి మనసు నొచ్చుకోదు. "నీకు నేనంటే ఇష్టం లేదు" అనే బదులు "నువ్వు దగ్గరికి వచ్చి చాలా రోజులైంది, నాకు వెలితిగా ఉంది" అనండి. ఇవి మంచం మీద కాకుండా పగలు, నడుస్తూనో ఏదో పని చేసుకుంటూనో మాట్లాడుకోండి, ఎదురెదురుగా కూర్చోకపోతే మాట తేలిగ్గా వస్తుంది.

ఒకరికి తొమ్మిదికే కళ్లు మూతలు పడి ఇంకొకరికి ఒంటిగంట దాకా నిద్ర రాకపోతే కూడా దారి ఉంది. తొందరగా పడుకునేవాళ్లతో పాటు అరగంట పక్కనే ఉండి, వాళ్లు నిద్రపోయాక లేచి వెళ్లండి. గురక వల్ల వేరే గదుల్లో పడుకోవడాన్ని నేను తప్పుపట్టను, ఇద్దరూ నిద్రపోవడం ముఖ్యం. కాకపోతే ఆ గురక సంగతి డాక్టరుకి చూపించుకోండి, దగ్గరితనానికి టైమ్ విడిగా ఉంచుకోండి.

నడిరాత్రి మెలకువ వస్తే

గడియారం చూడొద్దు. ఎంత టైమ్ అయింది, ఇంకెన్ని గంటలు మిగిలాయి అన్న లెక్క మొదలైతే గుండె వేగం పెరుగుతుంది. సుమారు 20 నిమిషాలైనట్టు అనిపించి, నిద్ర రాకపోగా విసుగు మొదలైతే లేచి వేరే గదిలో, చిన్న లైటు కింద, ఆసక్తి పుట్టించని పుస్తకమేదో చదవండి. ఆవులింతలు వచ్చాకే మంచం ఎక్కండి. మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవండి. మంచం నిద్రకి, సెక్స్‌కి తప్ప ఇంక దేనికీ వాడొద్దన్నది రిచర్డ్ బూట్‌జిన్ 1972లో చెప్పిన పద్ధతి. మంచం మీద గంటల తరబడి మెలకువగా దొర్లితే మెదడు ఆ చోటుని మెలకువతోనే జతచేసుకుంటుంది, అందుకే సోఫాలో కునుకు పట్టినవాళ్లకి మంచం ఎక్కగానే కళ్లు తెరుచుకుంటాయి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది, ఆపొద్దు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

వారంలో మూడు రాత్రులు చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మాత్రల కన్నా ముందు ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫార్సు చేసింది, అది దొరుకుతుందేమో అడగండి. రాత్రి పడుకోగానే కాళ్లు లాగుతూ కదపకుండా ఉండలేకపోతే ఐరన్ పరీక్ష అడగండి. పెద్దగా గురక, నిద్రలో ఊపిరాడనట్టు ఉలిక్కిపడటం, పొద్దున తలనొప్పి, పగలు బండి నడుపుతూ కూడా నిద్ర ముంచుకురావడం, ఇవి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు, గుర్తులు. బీపీ పెరగడానికీ, అంగస్తంభన తగ్గడానికీ కూడా దానితో సంబంధం ఉంది.

మగవాళ్లకి కలలొచ్చే నిద్రలో అంగస్తంభన రావడం, పొద్దున లేచేసరికి ఉండటం మామూలు విషయం. అది పూర్తిగా ఆగిపోయి, మెలకువలో కూడా ఇబ్బంది కొన్ని వారాలుగా ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. అక్కడి రక్తనాళాలు గుండె రక్తనాళాల కన్నా సన్నం, కాబట్టి పూడిక ప్రభావం ముందు అక్కడే బయటపడొచ్చు, గుండె జబ్బుకి కొన్నేళ్ల ముందు వచ్చే హెచ్చరిక అది కావచ్చు. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. మూలికల పేరుతో అమ్మే "శక్తి" మాత్రలు కొనొద్దు, చాలావాటిలో లేబుల్ మీద చెప్పకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు బయటపెట్టింది. గుండెకి నైట్రేట్ మందులు వాడేవాళ్లు అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆడవాళ్లకి కలయికలో నొప్పి ఉంటే ఓర్చుకోవడం పరిష్కారం కాదు. పాలిచ్చే రోజుల్లో, నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుంది, లూబ్రికెంట్‌తో చాలామందికి ఉపశమనం ఉంటుంది, చాలకపోతే అక్కడ రాసుకునే హార్మోన్ క్రీములున్నాయి. కండోమ్ వాడేటప్పుడు నూనె రకాలు వద్దు, రబ్బరు చిరిగిపోతుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు ఆడా మగా ఇద్దరిలోనూ కోరికని తగ్గిస్తాయి, అలా అనిపిస్తే డాక్టరుకి చెప్పి మార్పించుకోండి, సొంతంగా ఆపేయొద్దు.

వెళ్లే ముందు రెండు వారాలు చిన్న డైరీ రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, సుమారు ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నింటికి లేచారు, కాఫీ, మందు, వాడుతున్న మాత్రలు. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి. గురక మధ్యలో ఊపిరి ఆగడం పడుకున్న మనిషికి తెలియదు, పక్కన ఉన్న మనిషికే తెలుస్తుంది. ఒక రాత్రి దాన్ని ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి తీసుకెళ్తే, అసలు ఏం జరుగుతోందో డాక్టరుకి నోటితో వివరించే పని ఉండదు.